నాలుగు వేళ్లూ, ఒక మరకా

ఒల్యావ్ రేవులో చేపల బజారు
ఏడింటికల్లా తడిసిపోయి ఉంటుంది.
నేల తడి, తక్కెడ తడి, చేతులు మారే చిల్లర తడి.
కాగితం ఒక్కటే పొడిగా తెచ్చుకుంటాను.
అదీ ఎంతోసేపు నిలవదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఇదే ఊరి పోస్టాఫీసులో
వీళ్ల పేర్ల మీద ముద్ర కొట్టాను.
తలెత్తి మొహాలు చూసింది తక్కువ.
ఇప్పుడొక మడతకుర్చీ, అరచేతంత రంగుల పెట్టె,
జామ్ సీసాలో బజారు కుళాయి నీళ్లు.
ఆ నీళ్లలో ఎప్పుడూ ఒకటో రెండో పొలుసులు తేలుతుంటాయి.
తీసెయ్యను.

మనుషులు ఆగరు.
దెవొలిందా ఆక్టోపస్‌ని బల్లకేసి కొట్టి
చెయ్యి మళ్లీ పైకెత్తేలోగా
భుజానికి ఒక్క గీత, నడుముకి ఒక్క మచ్చ,
మిగతాది నీటికి వదిలెయ్యాలి.
నీరు దానికి తెలిసినంత గీస్తుంది.
ఒక్కోసారి నాకు తెలిసినదానికన్నా ఎక్కువే.

తెలుపు నా పెట్టెలో లేదు.
మంచు ముక్కలూ, ఆమె ఏప్రనూ, కవళ్ల పొట్టలూ
అన్నీ నేను ముట్టుకోకుండా వదిలేసిన చోట్లే.
ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడానికే
రెండు చలికాలాలు పట్టింది.

ఒకనాడు పక్క బల్ల కుర్రాడు చేతులు దులుపుకుంటే
ఉప్పు ఎగిరి ఆరని నీలం మీద పడింది.
తిడదామని నోరు తెరిచేలోపే
రేణువు రేణువు చుట్టూ రంగు తప్పుకుని
పట్టపగలు చుక్కలు పొడిచాయి.
"పాడైపోయిందా?" అన్నాడు వాడు, బిక్కమొహంతో.
"ఇంకొంచెం పాడుచెయ్యి" అన్నాను.

జెఫెరీనోని మాత్రం చాలాకాలం వెయ్యలేదు.
కుడిచేతి ఉంగరపు వేలు లేదతనికి.
ఎప్పుడో వలతాడు చుట్టుకుని పట్టుకుపోయిందట.
అతనేం దాచుకోడు. ఉన్న నాలుగింటితోనే
మలుగుచేప తోలు మేజోడు విప్పినట్టు విప్పుతాడు.
మొహమాటమంతా నాది.

మొన్న గురువారం, వానకి బేరాల్లేని పూట,
గోడకానుకుని కత్తి నూరుకుంటుంటే వేసేశాను.
మెడ బాగా కుదిరింది.
టోపీ కింద నీడ ఇంకా బాగా కుదిరింది.
చేతికి, మర్యాదకోసం,
ఐదు వేళ్లు వేశాను.

వచ్చి వంగి చూశాడు,
చేపని కొనేముందు మొప్పలెత్తి చూసేవాళ్ల చూపుతో.
"ఇదెవరిది?" అన్నాడు ఆ వేలి మీద వేలు పెట్టి.
"సముద్రానికి ఎప్పుడో కట్టేసిన బాకీ.
నన్నడక్కుండా వెనక్కి తేవడానికి నువ్వెవరు?"

దెవొలిందా పకపకా నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
కుంచె కడిగి, వేలి మీద నీళ్లు రాసి, గుడ్డతో అద్ది,
మళ్లీ తడిపి, మళ్లీ అద్ది...
నీటిరంగులో చెరపడమంటూ ఉండదు,
బతిమాలుకోవడమే.
కొంత రంగు లేచొచ్చింది.
కొంత, కాగితం పీచుల్లోకి దిగిపోయి, రానంది.
చివరికి వేలున్న చోట
వేలంత పొడుగున
వెలిసిపోయిన గులాబీ మరక మిగిలింది.

క్షమించమనబోయాను.
అతను కాగితాన్ని తలుపు వెలుతురుకి ఎత్తిపట్టి
ఎంతసేపు నిలబడ్డాడంటే
చూరు నీళ్లు అతని బూటు నింపేశాయి.
"ఇది," అన్నాడు, "ఇప్పుడు సరిగ్గా ఉంది.
జనవరి తెల్లవారుజామున
నాకు సలిపేది సరిగ్గా ఇక్కడే."

బొమ్మ కావాలనలేదు. బాగుందనీ అనలేదు.
"ఆరు" అని పైకి లెక్కపెడుతూ
కవళ్లు పాత పేపర్లో చుట్టి
నా ఒళ్లో పడేసి కత్తి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి పొట్లం విప్పితే ఏడున్నాయి.
ఆ ఏడోది ఎవరిదని
నేను అడగలేదు.