తోక ఉన్నన్ని రోజులు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ కాగితం చూపించి
ఫర్హాబాద్ గుట్టెక్కినం, నేనూ మండ్లి ఈదమ్మ.
భాద్రపదం. పొద్దు పొడిచిందో లేదో
మబ్బుకే తెలువాలె.

నా ఫోన్ల ఒక బొమ్మ:
ఎక్కడివో చల్లటి కొండవాగుల్ల
రాళ్ళ కింద బతికే జీవం.
"బల్లా?"
కాదు.
"చాపా?"
కాదు.
"మరి దీని పేరేంది?"
మన దిక్కు లేదు, అందుకే పేరూ లేదన్న.
చుట్ట పంటి కింద పట్టి నవ్వింది.
"పేరు లేనిదాన్ని ఏమని పిలుస్తవు?
పిలువకుంటే వస్తదా?"

జాలు అంటే ఏందో నాకు అప్పటిదాక తెలువదు.
వాగు కాదది. ఊట అననీకి కూడ చాలదు.
బండ చెంపకు చెమట పట్టినట్టు,
నాచు మీద వేలు పెడితే
గోరు తడిసేంత లోతు.
శివరాత్రికి అదీ ఉండదట.

పగటాల్ల దాక రాళ్ళు లేపినం.
ఒక ఎర్రజెర్రి. రెండు ఎండ్రకాయలు.
ఎవరి గుడ్లో, జిగట ముద్ద.
కొంచెం కోపంగ ఒక తేలు.
బుక్కుల గీసుకున్న గళ్ళ నిండ
సున్నాలు, సున్నాలు.

లేపిన రాయిని నేను పక్కకు దొర్లిస్తే
ఈదమ్మ నా మణికట్టు పట్టుకున్నది.
"తలుపు తీసినోళ్ళే వెయ్యాలె."
అప్పటిసంది ప్రతి రాయినీ
అది విడిచిన గుంటలనే,
పాత అంచుకు అంచు కలిపి
పెట్టుకుంట పోయిన.
పని రెండింతలైంది.

ఆఖరికి దొరికింది రాయి కింద కాదు,
మీద.
పొద్దటిసంది నేను రెండుసార్లు దాటిన బండే.
వేలి కణుపంత. బండ రంగే దాని రంగు.
నీళ్ళు లేని కాడ నీళ్ళున్నట్టే
పొట్ట అంటించి పట్టుకొని ఉన్నది.
అప్పుడే మొలిచిన నాలుగు కాళ్ళు.
వాటి ఎనుక, పొడుగ్గ, తోక.

నా గొంతుల ఏదో దుంకింది.
ఫోన్ పక్కన పెట్టి చూసిన:
తల, నడుము, తోక.
హిమాలయాల నుంచి ఇంత దూరం
నడిచొచ్చిందా ఏంది, ఈ పిడికెడు తడి కోసం?

"కప్పపిల్ల," అన్నది ఈదమ్మ.
"ఇంకో వారం. తోకను లోపలికే తినేస్తది.
అడివిల ఎవ్వరూ ఏదీ పారెయ్యరు."
నేను చదువుకున్నదే.
చదివినప్పుడు ఆకలి యాదికి రాలే.

మోదుగాకు దొప్ప చేసి
జాలు కింద పట్టింది.
దొప్ప నిండే లోపల చుట్ట సగం కాలింది.
తాగినంత తాగి, మిగిలింది నాకిచ్చింది:
నాచు వాసన, పొగ వాసన.

పేరు గడిల ఏం రాయాలె?
కప్ప అందామంటే ఇంక కాలే.
కాళ్ళు నాలుగు, తోక ఒకటి, అని రాసి
తేదీ వేసిన.
వచ్చే ఐతారానికి ఈ జీవం ఉండదు,
ఇదే బండ మీద కూసోనున్నా సరే.

దిగేటప్పుడు ఈదమ్మ ఆగింది.
జాలు దిక్కు తిరిగి
నోటికి చెయ్యి అడ్డం పెట్టి
ఒక మాట పిలిచింది. నేనెన్నడూ విననిది.
ఏం పేరది, అన్న.
చుట్ట బండకు రాసి ఆర్పింది.
వానొస్తుంది, నడువమన్నది.