గేటు దగ్గరి ఎర్ర డబ్బా

అంబత్తూరు ఎస్టేటులో మా కుట్టుమిషన్ల కంపెనీ గేటు పక్కన
గోడకి ఒక ఎర్ర రేకు డబ్బా.
తాళంచెవులు రెండే.
ఒకటి ఫైర్ స్టేషన్లో, ఒకటి నా మెడలో
పుస్తెల పక్కన.

లోపల ఒక్కటే కాగితం.
అది రాయడానికి నాకు పదకొండు వారాలు పట్టింది.

ఎవరిని అడిగినా ముందు "ఏం లేదక్కా" అన్నవాళ్లే.
ఆ మాట ఎవరు మరీ తొందరగా అంటారో
హాజరుపట్టీ రాసే చేతికి తెలుస్తుంది.

ఇన్బరాజ్‌ది బాయిలర్ గది. చెవులు వినపడవు.
సైరన్ మోగితే అతనికి గోడ మీద క్యాలెండరు వణుకుతుంది, అంతే.
రాసుకోమన్నాడు. తన పేరులో నేను చేసిన తప్పు తనే దిద్దాడు.

కమ్రున్నిసాకి మూడో నెల. అత్తకే ఇంకా చెప్పలేదు.
క్యాంటీన్‌లో కుళాయి తిప్పి
ఆ నీళ్ల చప్పుడులో నాకు చెప్పింది.

పేరిందేవి మూడుసార్లు వచ్చి
మూడుసార్లూ టీ తాగి వెళ్లిపోయింది.
నాలుగోసారి బల్ల మీద ఒక ఫోటో పెట్టింది.
"గేటు దగ్గరికొచ్చి నా మొగుణ్ణంటాడు.
నిజమే అంటాడు.
అయినా రానివ్వొద్దు."
కాగితానికి క్లిప్పు పెట్టి ఆ మొహాన్ని బోర్లా తిప్పాను.

ప్రొడక్షన్ మేనేజరు ఒకరోజు మెత్తగా అడిగాడు,
ఆ లిస్టు నాకో కాపీ ఇవ్వమ్మా, ప్లానింగుకి.
ప్లానింగంటే నాకు తెలుసు:
ఏడో నెలకి లెక్కలోంచి జారిపోయే రెండు చేతులు.
ఇది మంటలార్పేవాళ్లకి సార్, అన్నాను.
ఆ ఏడు నా ఇంక్రిమెంటు రెండొందలు.

ఐప్పసి వానల్లో, రాత్రి షిఫ్టులో
రెండో అంతస్తులో గుడ్డపీలికలు అంటుకున్నాయి.
మంట కంటే పొగ ఎక్కువ.
వాళ్లొచ్చి ముందు డబ్బా తెరిచారు.
హెల్మెట్ దీపం కింద ఒక కుర్రాడి పెదాలు కదులుతున్నాయి,
పరీక్ష హాలు గుమ్మంలో ఆఖరి పేజీ బట్టీపడుతున్నట్టు.
పదిహేడు పేర్లు నోట్లో పెట్టుకుని
పొగలోకి వెళ్లాడు.

ఇన్బరాజ్‌ని ఎవరూ కేకేయలేదట. భుజం తట్టారట.
టిఫిన్ క్యారియర్‌తో సహా బయటికొచ్చాడు.
కమ్రున్నిసాని మెట్లు దిగనివ్వలేదు, కుర్చీలో మోసుకొచ్చారు.
కాలు బెణికిందనుకున్నారు అందరూ.
అనుకోనివ్వండి.

గేటు బయట గుంపులో ఫోటోలోని మనిషి,
నా పెళ్లాం లోపలుందయ్యా అని ఏడుస్తున్నాడు.
నిజంగానే ఏడుస్తున్నాడేమో, నాకు తెలీదు.
పోలీసాయన ఫోటో ఒకసారి చూసి
అతన్ని టీకొట్టు దాకా మాటల్లో నడిపించాడు.
పేరిందేవి వెనక షట్టరు కిందుగా అంబులెన్సెక్కింది.

తర్వాత సంగతి నేను చూడలేదు.
నేనే పడిపోయాను.
పొగకి కాదు. ఆరో తరగతి నుంచీ నాతో ఉన్నదే,
పెళ్లిచూపులనాడు మా అమ్మ
బొబ్బట్ల పళ్లెం వెనక దాచినదే.
నోట్లో నురగ, చేతులు కొట్టుకోవడం.
ఎవరో ఇనప తాళాలు చేతిలో పెట్టబోతే
ఆ కుర్రాడు వద్దని, పక్కకి ఒత్తిగిలించి,
కాగితం మళ్లీ పైనుంచి కిందికి చూశాడట.
నా పేరు లేదు.

తెల్లవారాక కాగితం తెచ్చిచ్చాడు, నాలుగు మడతలు, తడి తడిగా.
"చదివినవన్నీ మర్చిపోయానక్కా," అన్నాడు.
కాసేపాగి, "మీది చదవలేదుగా,
మర్చిపోవడం కుదరట్లేదు."

ఇవాళ కొత్త కాగితం తీశాను.
పదిహేడూ తిరగరాశాను.
పద్దెనిమిది అని అంకె వేసి, లేచి వెళ్లి
కుళాయి తిప్పి వచ్చి కూర్చున్నాను.