వెంట్రుకవాసి

ముద్దు దగ్గర మమ్మల్ని పిలవరు.
అక్కడ వాళ్లుంటారు, మొహాలున్నవాళ్లు.
దెబ్బ దగ్గరికొచ్చేసరికి
"సూట్-పింగ్! వింగ్-లోక్!" అని కేక.
నూడుల్స్ గిన్నె కింద పెట్టి లేస్తాం.

క్వున్ టాంగ్‌లో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ.
దాన్నే పెళ్లివిందు హాలు చేశారు
ఎర్ర గుడ్డలు చుట్టి, చెమ్మగోడల మీద బంగారు రంగు పూసి.
కథ మీరు ఊహించిందే:
చేపల మార్కెట్టు ఒక కుటుంబానిది,
రేవు నుంచి కొండదాకా మినీబస్సులు ఇంకో కుటుంబానివి.
మధ్యలో ఒక పిల్ల, ఒక పిల్లాడు.
తండ్రులిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని
"నీ చేత్తో నువ్వే చంపు" అంటారు,
ఇద్దరికీ అదే మాట.

ఇక అక్కణ్ణుంచి మేం.

నాకు ఆమె ఎర్ర గౌను, లోపల మోకాళ్లకు తోలు దిళ్లు.
అతనికి హీరో తెల్ల కోటు, రెండు సైజులు చిన్నది,
చంకలో కుట్టు విప్పితే గానీ చెయ్యి లేవదు.
నా నెత్తిన ఆమె జుట్టు. పిన్నులు మాడులోకి దిగుతాయి.
ఫైట్ మాస్టర్ చెప్పేది ఒకటే:
"పిడికిలికీ ముక్కుకీ మధ్య వెంట్రుకవాసి.
ఎక్కువైతే కెమెరా నమ్మదు,
తక్కువైతే ఆసుపత్రి."

పదమూడు టేకులు.
ప్రేమికులు కొట్టుకుంటున్నట్టు నటించాలి,
అలా నటిస్తున్న ప్రేమికుల్లా మేం కొట్టుకోవాలి.
ఇందులో అబద్ధం ఎన్ని మడతలో
లెక్కపెట్టే తీరిక లేదు.
అతని ముంజేయి నా మెడ చుట్టూ. ఉడుంపట్టు.
కుర్చీల్లోని తండ్రులకది గొంతు నులమడం.
అతని బొటనవేలు మాత్రం
నా దవడ కింద నాడి మీద ఆగి
ఒకటీ, రెండూ అని చెబుతుంది.
మూడుకి నేను గాలిలో ఉండాలి.

నాలుగేళ్లుగా ఆ బొటనవేలు మాట్లాడినంత
అతని నోరు మాట్లాడలేదు.
మాట్లాడితే బస్సు గురించి, రావలసిన కూలి గురించి.
వాళ్ల గురువూ మా గురువూ
ఒక సింహం తలబొమ్మ కోసం
ముప్పై ఏళ్ల కింద తెంచుకున్న మాటల గురించి ఎప్పుడూ లేదు.
అవును, మావీ రెండు ఇళ్లే.
ఒకే వీధి, రెండు చివర్లు, రెండు కసరత్తు శాలలు.
నా మోచెయ్యి తిరిగే కోణం చూస్తే చాలు
వాళ్ల శిష్యులు నేలమీద ఉమ్మేస్తారు.
మా పగ మీద ఎవరూ సినిమా తియ్యరు.
డబ్బు చాలదు. మొహాలూ చాలవు.

పద్నాలుగో టేకు.
నేల తడి. అతని మడమ జారింది.
పిడికిలి వచ్చి నా పెదవి దగ్గర ఆగింది.
ఆగిందంటే, ఆగలేదు.
ఉప్పు. ఎరుపు.
వాళ్లు కలిపే చక్కెరపాకం ఎరుపు పక్కన
వెలవెలబోయే నిజం ఎరుపు.
పడాల్సిన చోటే పడ్డాను. అలవాటు.
కట్ చెప్పలేదు కాబట్టి అతనూ
చెయ్యాల్సిందే చేశాడు: మోకాలు దించి, నా తల ఎత్తి,
కెమెరాకి వీపు తిప్పి.
మొహమున్నవాడు ఏడవాల్సిన చోట
"నొప్పా?" అన్నాడు.
పెదవి కదపకుండా, ఒక్క మాట.
"లెక్క తప్పింది నువ్వే" అన్నాను.
నవ్వొచ్చి పెదవి ఇంకాస్త చిట్లింది.

కట్. ఓకే. భోజనాలు.

మొన్న యౌ మా తేలో మాట్నీకి అమ్మని తీసుకెళ్లాను.
విందు హాలు వచ్చింది.
ఎర్ర గౌను ఎగిరింది, గాజు పగిలింది, జనం ఈలలేశారు.
ఆ తరవాత ఆమె మొహం, తెరంత,
పెదవి చివర అందంగా ఒక్క చుక్క.
అమ్మ తెర వదిలేసి నావైపు తిరిగింది.
"పడ్డది నువ్వు" అంది.
"కుడి భుజం ముందు. చిన్నప్పట్నుంచీ అంతే."
కాసేపాగి, చీకట్లో వేరుశెనక్కాయ ఒలుస్తూ
"పట్టుకున్నవాడు ఆ చివరి శాల వాడే కదూ" అంది.
"చెయ్యి అంత మెత్తగా వేశాడేం?"

తెర మీద తండ్రులు కత్తులు దించలేదింకా.
ఏం చెప్పాలో వెతుక్కుంటూ
పెదవి మీది మచ్చని నాలుకతో తడుముకున్నాను.
వెంట్రుకవాసి.
అంతే ఉంది.