ఎర్ర రంగు డబ్బా

చిర్రయానాం ఒడ్డున మాఘమాసపు తెల్లారుగట్ల
నా పని చచ్చినవాటికి రంగు పూయడం.
వీపు మీద ఒక్క అడ్డగీత,
ఒకటే తాబేలు లెక్కలో రెండుసార్లు పడకుండా.
ఇవాళ పద్నాలుగు.
పదకొండోదాని కడుపునిండా గుడ్లు.
ఫారంలో దానికి గడి లేదు.

ఎక్కడెక్కడి నీళ్ళో ఈదుకుంటూ
పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లల్లా, అనబోయి
ఆగిపోతాను.
గాలి పీల్చే ప్రాణి అది.
గంటసేపు వల నీటికింద ఈడిస్తే
మనలాగే మునిగి చస్తుంది.

మా మేనమామ సంగాడి లోవరాజు అంటాడు:
"వలకి కిటికీ పెట్టమంటారు ఆపీసర్లు.
అందులోంచి తాబేలొక్కటే పోద్దేటి?
గంపెడు రొయ్య పోద్ది. ఆ గంప ఎవడిత్తాడు?"
అడిగింది తప్పు కాదు.
జవాబు రాయాల్సిన కాగితం
కాకినాడలో ఏ ఫైలు కింద ఉందో.

వేట నిషేధం ఏప్రిల్ పదిహేను నుంచి.
చేపలు గుడ్లు పెట్టే కాలమట, మంచిదే.
అప్పటికి ఇవి వచ్చీ, పెట్టీ, చచ్చీ,
మిగిలినవి తిరుగుదారి పట్టీ ఉంటాయి.
సముద్రానికి మనం సెలవిచ్చేది
చుట్టాలు వెళ్ళిపోయాక.

నన్నడిగితే, ఎవరూ అడగరనుకోండి,
పుష్యం నుంచి ఫాల్గుణం దాకా
మొగ దగ్గరికి పెద్ద మరపడవలు రాకూడదు.
కిటికీ వల ఊరికే ఇవ్వాలి.
జారిన రొయ్యకి డబ్బు ఆ వారమే చేతిలో పెట్టాలి,
వచ్చే బడ్జెట్లో కాదు.
పిల్లలు బయటపడే రాత్రుల్లో
రొయ్యల చెరువుల లైట్లు ఆర్పాలి.

లైట్లెందుకంటే,
పోయిన మార్చిలో ఓ అర్ధరాత్రి ఇసక కదిలింది.
అరచేతిలో సగం లేదు ఒక్కోటి.
వెలుగున్నవైపే సముద్రమనుకుని
సరుగుడు తోపు దాటి చెరువుగట్టుకి పాకాయి.
మామా నేనూ బకెట్లతో ఏరాం.
ఆయన తిడుతూనే ఉన్నాడు,
ఆఫీసుని, నన్ను, వాటిని, వాటి తల్లిని.
ఎనభైమూడు నీళ్ళలో పడ్డాయి.
మిగతావాటికి మాకంటే ముందే కాకులొచ్చాయి.

ఆ మర్నాడే మారిపోయాడని రాయలేను.
ఏడాది పట్టింది.
మొన్న ఆదివారం జెట్టీ మీద వల పరిచి
సంచి మొదట్లో చాకుతో కోశాడు,
నైలాను తాడుతో అంచు కుట్టాడు.
"ఒక్క ట్రిప్పు చూత్తాను. ఒక్కటే."
పడవ ఇంకా రాలేదు.

డబ్బా మూత బిగించాను.
సగం రంగు మిగిలే ఉంది,
ఫాల్గుణం కూడా.