తోమిన రూబుల్

ట్బిలిసిలో పొడివంతెన మీద
ఆదివారం పొద్దున
కారు బానెట్టే కొట్టుబల్ల వాజాకి.
పాత ఫోర్కులూ, రేడియో గొట్టాలూ, వాటి పక్కన
అద్దంలా మెరిసే ఒక వెండి రూబుల్.

"మూడొందల లారీలు," అన్నాడు
చూపు నది వైపు తిప్పుకుని.

సియాలా తొందరపడలేదు.
అయస్కాంతం ఆనించింది, అంటలేదు.
చిన్న తక్కెడ: ఇరవై గ్రాములకు వెంట్రుకవాసి తక్కువ.
గోటితో మీటి చెవి ఒగ్గింది.
అంచు మీది అక్షరాలు కూడబలుక్కుంది.
అసలుదే.
భూతద్దం పెడితే మాత్రం
జార్ గారి గడ్డం నిండా సన్నటి గీతలు.

"తోమావా?"
"రాత్రంతా. సోడా వేసి,
మా ఆవిడ పాత పళ్ళ బ్రష్షుతో."
మసిబారింది చేతికెలా ఇస్తామని
అతని మర్యాద.

నూటపాతికేళ్ళు గాలి పూసిన నలుపు
ఒక్క రాత్రిలో పోయింది,
దాంతోపాటే సగం వెల
సింకు గొట్టంలోంచి కురా నదిలోకి.

ఎనభై ఇస్తే ధర్మం. తొంభై ఇచ్చింది.
అంతటితో వెళ్ళిపోతే పోయేది.
"ఇంకో నాలుగున్నాయి, నల్లవి.
వచ్చే వారం తోమి తెస్తా."

ఆ నల్లవే ఇవ్వమంటే
ఎంతకైనా ఇచ్చేసేవాడు.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తోమకు," అంది. ఎందుకో చెప్పింది.

మళ్ళీ ఆదివారం వాన.
రుమాల్లో నాలుగూ నల్లగా, నిద్రమొహాలతో.
"ఒక్కోటీ రెండొందల యాభై,"
ఈసారి సూటిగా ఆమెనే చూస్తూ.

నా గొయ్యి నేనే తవ్వుకున్నానని
గొణుక్కుంటూ నోట్లు లెక్కపెట్టింది.
ఒక్కటే కొంది.
వంతెన దిగి, నాలుగడుగులు వేసి,
మిగతా మూడూ జీతం వచ్చేదాకా
ఎవరికీ అమ్మొద్దని చెప్పడానికి
వానలో వెనక్కి నడిచింది.