జాలీ విప్పిన రోజు

కళింగపట్నంలో దాన్ని గంట లేని గుడి అంటారు.
విగ్రహం లేదు, సిలువ లేదు, మినారు లేదు.
వంశధార సముద్రంలో పడేచోటికి వీపు పెట్టి
నీలం సున్నం పెచ్చులూడుతూ నిలబడి ఉంటుంది.
లోపలివాళ్లు సమాజమందిరం అంటారు.
ఉప్పు ఓడల కాలంలో వచ్చారట.
ఓడలు రావడం మానేశాయి,
వీళ్లు ప్రార్థన మానలేదు.

మెనహేం మాస్టారు మా వడ్రంగి సాలకి వచ్చి
"ఆచారీ, జాలీ తీసెయ్యాలి" అన్నారు.
ఏ జాలీ అని నేను అడగలేదు.
ఆడవాళ్లకీ మగవాళ్లకీ నడుమ
ఏడడుగుల ఎత్తు, పదమూడడుగుల పొడవు,
మా తాత సన్యాసాచారి చెక్కింది.
ఒక్క మేకు లేదు, అన్నీ కుసులే.
మా ఇంట్లో కూర లేని రోజున
దాని మాట నంజుకుని అన్నం తిన్నాం.

"ఎందుకండీ?"
"ఓట్లేసుకున్నాం. ఇకనుంచి ఆడవాళ్లూ లెక్కలోకే.
పదిమంది ఉంటేగాని కొన్ని ప్రార్థనలు మొదలవ్వవు.
మగాళ్లం ఏడుగురం మిగిలాం.
పదిమందీ మగాళ్లే ఉండుంటే
మమ్మల్ని పిలిచేవారా అని నిలదీసింది హన్నా.
ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినోణ్ణి,
జవాబు దొరకలేదు."

గురువారం పొద్దున్న ఉలి పట్టాను. చెయ్యి ఆడలేదు.
తిత్లీ తుఫానుకి కప్పు లేచిపోయినా
కదలని చట్రం ఇది.
మొదటి కుసి సడలినప్పుడు
ముసలి టేకు వాసన, ఆముదం వాసన,
ఎప్పటివో మల్లెలు కూడానా, ఏమో.

ఆడవాళ్ల వైపు నేనెప్పుడూ నిలబడలేదు.
మగవాళ్ల వైపు నుంచి చూస్తే
ప్రతి దానిమ్మ పువ్వూ ఒకే కొలత.
పలక తిప్పి చూస్తే
నేల నుంచి నాలుగడుగుల ఎత్తున
ఒక బెజ్జం మాత్రం పెద్దది.
చాకుతో గీకారెవరో, రోజుకింత.
తాత పని పాడుచేశారని
కోపం వస్తుందేమోనని ఆగాను.
వేలు పెట్టి చూశాను. అంచు నున్నగా ఉంది.
చాకుకి రాదు ఆ నునుపు.

"నేనే," అంది సిప్పోరమ్మ,
చేతికర్ర మీద గెడ్డం ఆనించి.
ఎనభై ఒకటి నిండాయి ఆమెకి.
"మా అయ్య తోరా చుట్ట విప్పీవోడు.
అచ్చరాలు చూద్దుమని నాకు.
ఇటునించి వీపులే అగుపడీవి.
మీ తాత ఓపాలి మరమ్మతుకొచ్చి చూసీసేడు.
ఏటీ అన్నేదు.
ఆకురాయెట్టి అంచు నున్నగా చేసీసి ఎల్లిపోనాడు,
బుగ్గకి పేడు గుచ్చుకోకుండా."

ఆ మధ్యాహ్నం నేను పని చెయ్యలేదు.
సరుగుడు తోటలో కూర్చుని
బీడీ కాల్చకుండా చేత్తో పట్టుకున్నాను.

జాలీ చట్రంతోనే చదువుబల్ల చేశాను.
శనివారం గుమ్మం బయట నిలబడి చూశాను.
మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు వాళ్లు.
మా మామ్మా అంతే, బంతిలో పిల్లల్ని లెక్కపెట్టేది కాదు,
విస్తళ్లే లెక్కపెట్టేది.
వీళ్లకి పది మాటల వాక్యం ఒకటుంది.
ఒక్కో మనిషికీ ఒక్కో మాట చెప్పుకుంటూ
మాస్టారు నడిచారు.
ఏడు మాటల దగ్గర అలవాటుగా ఆగారు.
గొంతు సవరించుకున్నారు.
హన్నాకి ఎనిమిదోది.
హన్నా చెల్లెలు ఎస్తేరుకి తొమ్మిదోది.
సిప్పోరమ్మ దగ్గరికి వచ్చేసరికి
వాక్యం పూర్తయింది.

పెద్ద బెజ్జం ఉన్న పలకని
బల్ల ముందువైపు బిగిద్దామనుకున్నాను,
అందరూ చూసేలా.
"ఎందుకు బాబూ, ఇప్పుడు ఎదరే ఉన్నాను గదా,
నాకిచ్చీ" అని పట్టుకుపోయింది,
పొయ్యింటి కిటికీకి సరిపోతుందట.

కూలి సగం ఇంకా బాకీ.
అడగడానికని సాయంత్రాలు అటే వెళ్తాను,
అడక్కుండానే వస్తాను.
ఆ కిటికీలోంచి పొగ వస్తూంటుంది,
ఒక్క బెజ్జంలోంచి
కాస్త ఎక్కువగా.