మూడు తులాలు

ఏటుకూరు రోడ్డులో మా దుకాణం.
యార్డు నుంచి మిర్చి ఘాటు కొట్టినప్పుడల్లా
పంపు కొట్టేవాడూ తుమ్ముతాడు, పంపూ తుమ్ముతుంది.
నాలుగు మేకులు, మేకుకో పాత ట్యూబు,
నీళ్ల బేసిన, గీకుడు రేకు, సొల్యూషన్ డబ్బా.
నాగూర్ వలి పోయిన నలభయ్యో రోజు దాటగానే
ఇవన్నీ కలిసి
"ఏం మౌలాబీ, ఇంకా ఎంతసేపు?" అన్నాయి.

క్రాంతికిరణ్ అని ఓ పిల్లాడు
చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత పొట్లం తీశాడు.
విప్పితే నారింజ రంగు, అవతల నా వేళ్లు కనపడుతున్నాయి.
రబ్బరు కాదంట. ప్లాస్టిక్కంట. గాలి కాడ కూడా అదేనంట.
"ట్యూబా ఇది, పాల ప్యాకెట్టా?"
నవ్వి, ఖరీదు చెప్పాడు.
ఆ డబ్బుకి నా మేకులు నాలుగూ రెండేసిసార్లు నిండుతాయి.

పక్క కొట్టు పోతులూరాచారి
ముక్కుపుడకలు తూచే కాటాలో వేశాడు దాన్ని.
మూడు తులాలు.
చక్రంలోంచి నేను ఊడదీసిన నల్లది వేస్తే
తొమ్మిది దాటి ఇంకా కిందికే చూసింది.
"తరుగు తియ్యమంటావా?" అన్నాడాచారి.

ఆరు తులాలు మిగుల్చుకుని ఏం చేసుకుంటావు నాయనా,
ఎదురుగా హమాలీలు నలభై కిలోల టిక్కీ
మెడ మీద వేసుకుని బీడీ ముట్టించుకుంటుంటే?
"కోటప్పకొండ ఎక్కేటప్పుడు చక్రం చెబుతుందమ్మా" అన్నాడు.
చక్రం చెప్పేవి నాకూ వినపడతాయి.
ఇదొక్కటే ఎప్పుడూ వినలేదు.

నెల తిరక్కుండా పల్లేరుకాయ దిగింది.
నీళ్లలో ముంచితే ఆవగింజంత బుడగ,
ఒకటి వచ్చి,
ఆలోచించి,
రెండోది.
మొండిది, గాలిని ఊరికే వదలదు, ఆ మాట ఒప్పుకోవాలి.
గీకాను. సొల్యూషన్ రాశాను. ఊదాను. అతికించాను.
బొటనవేలితో నొక్కి నూటొకటి లెక్కపెట్టాను,
వలి నేర్పిన లెక్క, ఎప్పుడూ తప్పనిది.

పేరేచర్ల దగ్గర తప్పింది.
మే నెల. పదకొండు గంటలకే తారు చెప్పుకి అంటుకుంటోంది.
నా అతుకు మానిన పుండు మీది పొక్కులా ఊడి
వాడి చేతిలోకొచ్చిందంట.
సైకిల్ని నడిపించుకుంటూ వచ్చాడు,
బూట్ల కింది ఇనుము టకటకమంటూ.
ఒక్క మాట అనలేదు.
తిట్టుంటే నిద్ర పట్టేది.

మేకు మీంచి వాడి పాత నల్లదాన్నే దించి ఎక్కించాను.
ఎనిమిది అతుకులున్నాయి దానికి. తొమ్మిదో దానికీ చోటుంది.

వారానికి మళ్లీ వచ్చాడు, పారదర్శకంగా ఉన్న బిళ్లలు తెచ్చాడు.
"గీకొద్దమ్మా. స్పిరిట్‌తో తుడవాలి. ఆరనివ్వాలి."
యాభై ఏళ్లదాన్ని, చేతులు కట్టుకుని విన్నాను.
టైరు బయట గట్టిగా గాలి కొట్టి చూడకూడదంట:
రబ్బరు ఎంత సాగినా ఇల్లు గుర్తుపెట్టుకుని తిరిగొస్తుంది,
ఇది ఓసారి సాగిందా, ఇక ఆ ఒళ్లు అంతే.
మరి చచ్చాక దేనికి పనికొస్తుందని అడిగాను.
నల్లది పాలక్యాను కట్టుకి వస్తుంది, చెప్పు పట్టీకి వస్తుంది,
మా మనవడి ఉండేలుకి వస్తుంది.
కరిగించి ఇంకేదో చేస్తారంటమ్మా అన్నాడు.
ఎక్కడ చేస్తారో వాడికీ తెలీదు.

ఇప్పుడు నల్లది చక్రంలో, నారింజది జేబులో.
అవసరానికి ఉంటుందిలే, బరువేముంది అన్నాను,
అన్నాక నాకే నవ్వొచ్చింది.
మడత విడిపోకుండా పాత ట్యూబులోంచి
వేలెడు ముక్క కోసి చుట్టి ఇచ్చాను.
ఆ ముక్కని ఆచారి తూచలేదు.

"ఎంతివ్వమంటావమ్మా?"
"వెనక చక్రానికి గాలి తక్కువుంది, కొట్టాను.
ఐదు రూపాయలు. చిల్లర ఉంటేనే."